నలభై ఒక్క పడవలకు సరిపడేది

మోతులీకి, తోకెలావ్ దీవులు
మార్చి 3, సోమవారం. తెల్లవారుజామున వాన, ఎనిమిదికల్లా తెరిపి. పడమటి గాలి. పందుల దొడ్డికి రెండు గుంజలు మార్చాను.

సులియాకు,

పై వాక్యం నా రోజువారీ పుస్తకంలోది. ఉత్తరం మొదలుపెట్టడం నాకు వేరే విధంగా చేతకాదు, ఏమనుకోకు.

మొన్నటి గాలివానకు రేవు చూరు కింద పడవల పేర్లు రాసే బోర్డు నిలువునా చీలిపోయింది. కొత్త చెక్క తెప్పిద్దామంటే ఊరి పెద్ద సాలే ఒప్పుకోలేదు. "ఇంకా సుద్దముక్కలేమిటయ్యా, స్కూల్లో కంప్యూటర్ ఉంది, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, పైగా నువ్వొకడివి ఉన్నావుగా, చదవకుండానే పండితుడివైనవాడివి" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలియలేదు. బోర్డును కంప్యూటర్లోకి మార్చడానికి ఒప్పుకున్నాను.

అందుకే నీ సలహా అడుగుతున్నాను. అక్కడ నగరంలో ప్రోగ్రాములు రాయడం నీ వృత్తి. నాకు వచ్చిందంతా బదిలీ అయి వెళ్ళిన మాస్టారు వదిలేసిన రెండు పుస్తకాల్లోది. పద్ధతి నీకు తెలిసినదే, కానీ యంత్రానికి చెప్పాలి కనుక వరసగా రాస్తున్నాను. పడవ పగడపు గట్టులోని గండి దాటి బయటి సముద్రంలోకి వెళ్ళేటప్పుడు దాని పేరు బోర్డు మీద రాస్తాం. తిరిగి వచ్చినప్పుడు రేవులో నిలబడి తాడు అందుకున్నవాడు ఆ పేరు చెరుపుతాడు. అతను తప్ప ఇంకెవరూ చెరపకూడదు. చీకటి పడేసరికి పేరు మిగిలితే వెతకడానికి పడవలు వెళ్తాయి. అంతే.

పడవలు నలభై ఒకటి. మనుషులు మూడు వందల లోపు. ఒక పేజీ, ఒక ఫైలు చాలునని నా ఆలోచన. నువ్వేమంటావు?

బోర్డులో చివరి వరుసలో మీ నాన్న పేరు రెండేళ్ళుగా అలాగే ఉంది. ఎవరూ చెరపలేదు, చెరపరు కూడా. విరిగిన ఆ ముక్కను మా ఇంట్లో పెట్టుకున్నాను. కొత్తదానిలో మాత్రం తేలే పడవలనే రాయి.

పెతేలో

* * *

పోరిరువా
మార్చి 19

బాబాయ్,

రెండు గుంజలు మార్చావా? శభాష్. ఆ పందులు మళ్ళీ కూలదోస్తాయి, మళ్ళీ మారుస్తావు, మళ్ళీ రాస్తావు. నీ పుస్తకాలన్నీ అచ్చువేస్తే పందుల చరిత్ర అవుతుంది.

ఒక పేజీ, ఒక ఫైలా! బాబాయ్, అది మన రేవు, స్కూలు పిల్లల హోంవర్క్ కాదు. ఆ ఒక్క కంప్యూటర్ మీద ఉప్పుగాలి కొట్టి ఆగిపోతే? ఆ రోజే ఎవరైనా బయట ఉంటే? నాకు చేతనైన పద్ధతిలో నేను కడతాను. సర్వర్లు ఇక్కడ మూడు చోట్ల ఉంటాయి, ఒకటి పడిపోతే ఇంకొకటి అందుకుంటుంది. ప్రతి ఇంటి ఫోన్లోనూ యాప్. సిగ్నల్ లేనప్పుడు నొక్కినా ఫోన్ దాన్ని కడుపులో దాచుకుని, దొరికినప్పుడు పంపుతుంది. రేపు మిగతా దీవులు కూడా చేరతామంటే చేరనీ. పదివేల పడవలకైనా సరిపోతుంది.

తాడు అందుకున్నవాడే చెరపాలి అన్నది అలాగే ఉంచుతాను. ఎవరు అందుకుంటే వాళ్ళు తమ ఫోన్లో "వచ్చాడు" అని నొక్కుతారు.

డబ్బు మాట ఎత్తకు. ఇది నేను చేయవలసిన పని. ఆ రోజు ఇలాంటిదొకటి ఉండి ఉంటే అని రెండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఆ రోజు పడవలు ఎందుకు మర్నాడు పొద్దున దాకా వెతకడానికి వెళ్ళలేదో నాకు ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

నీ సులియా

* * *

మోతులీకి
ఏప్రిల్ 14. ఎండ. గాలి లేదు. పడవ షెడ్డు కప్పుకు కొత్త ఆకు నేశాను.

సులియాకు,

నీ ఉత్తరం సభలో చదివాను. పదివేల పడవలు అనగానే ముసలాళ్ళు నవ్వారు. మలియా అయితే, "నాలుగు పీతల పులుసుకి పెళ్ళి గుండిగ ఎందుకమ్మా, తోమలేక చస్తాం" అంది. ఆమె కొడుకు లీనో ఊరుకున్నాడా? "గుండిగ పెద్దదైతే ఎప్పటికైనా పెళ్ళవుతుందనే ఆశ ఉంటుందే అమ్మా" అన్నాడు. వాడికి ఇరవై ఆరు నిండాయి, ఇంకా సంబంధం కుదరలేదు. సభంతా గొల్లుమంది.

నా అభ్యంతరం రాస్తాను, కోపం తెచ్చుకోకు. పెద్ద కట్టడానికి తలుపులు ఎక్కువ. ఎవరు ఎక్కడి నుంచి నొక్కినా అది నమ్మాలి, నమ్మకపోతే పని చేయదు. బోర్డు దగ్గర అలా కాదు. చెరిపేవాడు అక్కడ నిలబడి ఉండాలి, వాడి చేయి తడిసి ఉండాలి. మనకున్న పనికి అదే సరైన కొలత అనిపిస్తుంది.

కానీ సాలే నీ వైపే మొగ్గాడు. "మన పిల్ల, మన కసియానో కూతురు, ఊరికే చేసిపెడుతుంటే వద్దంటామా?" అన్నాడు. నేను సరేనన్నాను.

నీ ఉత్తరంలోని చివరి ప్రశ్నకు జవాబు మరోసారి రాస్తాను.

పెతేలో

* * *

పోరిరువా
మే 22

బాబాయ్,

అయిపోయింది! పోయిన వారం అన్ని ఫోన్లలోనూ తెరుచుకుంది. లీనో తన కొత్త పడవకు "పెళ్ళికొడుకు" అని పేరు పెట్టి నమోదు చేశాడు, చూశావా?

ఇక్కడ చలి. ఆఫీసు నుంచి వచ్చి, హీటర్ పక్కన కూర్చుని, మన పేజీ తెరుస్తున్నాను. ఆరు అయ్యేసరికి ఒక్కొక్క పేరు పక్కన "వచ్చాడు", "వచ్చాడు", "వచ్చాడు" అని పడుతుంటే రేవు వాసన వచ్చినట్టే ఉంది. నేను రోజూ లక్షలమంది వాడేవి కడతాను బాబాయ్. వాటిలో ఒక్క మనిషి ముఖం కూడా నాకు తెలియదు. ఇది మొదటిసారి.

సులియా

* * *

మోతులీకి
జూన్ 25. తూర్పు గాలి గట్టిగా. కొబ్బరి గెలలు చెక్కి నీరా కుండలు మార్చాను.

సులియాకు,

నీది బాగా పని చేస్తోంది. ముందు అనుమానించాను కనుక ఇది రాయడం న్యాయం.

రెండు సంగతులు మాత్రం పుస్తకంలో రాసుకున్నాను. ఒకటి, స్కూలు కంప్యూటర్లో నువ్వు నాకిచ్చిన పేజీ కింద, వాడుకలో ఉన్న ఫోన్ల సంఖ్య నలభై రెండు అని చూపిస్తోంది. ఇంటికొకటి చొప్పున నేనే దగ్గరుండి నమోదు చేయించాను. నలభై ఒకటి. ఊరంతా తిరిగి మళ్ళీ అడిగాను. నలభై ఒకటే.

రెండోది. సాయంత్రాలు కొన్ని పడవలకు "వచ్చాడు" అని ముందే పడుతోంది. అవి గండి దాటకముందే, ఒక్కోసారి పది నిమిషాల ముందు. తర్వాత ఆ పడవ నిజంగానే వస్తుంది, తాడు ఎవరో ఒకరు అందుకుంటారు, నొక్కబోతే అప్పటికే నొక్కి ఉంటుంది. ఎవరో తొందరపడుతున్నారని సాలే సభలో కేకలేశాడు. ఎవరూ ఒప్పుకోలేదు. "నా వేళ్ళు చేప పొట్టలో ఉంటే ఫోనెలా నొక్కుతానయ్యా?" అంది మలియా.

ఈ రెండింటికీ నీ యంత్రం లెక్కలో ఏదో కారణం ఉండే ఉంటుంది. రాయి.

పెతేలో

* * *

పోరిరువా
జూలై 11

బాబాయ్,

కంగారు పడకు. పెద్ద వ్యవస్థల్లో ఇలాంటివి మామూలే. ఎవరో ఫోన్ మార్చి ఉంటారు, పాతది కూడా లెక్కలో మిగిలిపోయి ఉంటుంది. ముందే పడటం అంటావా, ఫోన్లలో గడియారాలు ఒకదానికొకటి కలవవు, అందుకని వరస తారుమారు అవుతుంది. ఆ సంఖ్యను పట్టించుకోకు. దాన్ని పేజీలోంచి తీసేశాను, ఇక కనబడదు.

ఒక సంగతి అడుగుతాను. అలా ముందే పడిన సాయంత్రాలు రేవులో ఎవరెవరు ఉన్నారు? మెట్ల దగ్గర కాదు, చివర, రాతి దిమ్మ మీద. అక్కడ ఎవరైనా నిలబడుతున్నారా? నాన్న అక్కడే నిలబడేవాడు కదా, అందుకని ఊరికే అడిగాను.

నాకు కుదురుగానే ఉంది. అన్నం తింటున్నాను. పిన్నిని అడిగానని చెప్పు.

సులియా

* * *

మోతులీకి
ఆగస్టు 13. ఎండ, అలలు పెద్దవి. ఈ రోజు పని ఏదీ చేయలేదు.

సులియాకు,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీ జూలై ఉత్తరం అందినప్పటి నుంచి నేను రోజూ సాయంత్రం ఐదింటికే రేవుకు వెళ్ళి, చివరి దిమ్మ పక్కన కూర్చుంటున్నాను. అక్కడ ఎవరూ నిలబడటం లేదు. దిమ్మ మీద మాత్రం ఎండరోజున కూడా తడి ఉంటోంది. అల చిమ్మి ఉంటుందని రాసుకున్నాను.

మొన్న పదకొండో తేదీ లీనో ఒక్కడే సూరచేపలకు వెళ్ళాడు. ఐదూ యాభై రెండుకు మలియా ఫోన్ చూసుకుని, "మావాడు వచ్చేశాడు, సీమపనస పొయ్యిలో పెట్టాలి" అంటూ లేచింది. నేను దిమ్మ పక్కనే ఉన్నాను. గండిలోంచి ఏ పడవా రాలేదు.

"వాడి తాడు ఎవరు అందుకున్నారు?" అని అడిగాను.

"ఎవరో ఒకరు. ఫోన్ చెప్తోందిగా" అన్నాడు సాలే.

"ఎవరో ఒకరు కాదు. ఎవరు?"

"పెతేలో, నీకీ మధ్య పిచ్చి ముదురుతోంది. ఆ చివర కూర్చోకు, గాలి పడదు."

ఉన్నవాళ్ళందరినీ అడిగాను. ఎవరూ అందుకోలేదు. సాలే ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "వాడు అటునుంచి అటే ఏ పిల్ల ఇంటికో పోయుంటాడు, పేరే పెళ్ళికొడుకు కదా" అన్నాడు. అంతలో మలియా తిరిగి వచ్చింది. ఆమె చేతిలో సీమపనసకాయ అలాగే ఉంది. "ఇంటికి రాలేదు. పడవ ఏదీ?" అంది. అప్పుడు సాలే నవ్వు ఆగింది.

మూడు పడవల్లో వెళ్ళాం. పడమటి గట్టు అవతల మైలున్నర దూరంలో దొరికాడు. ఇంకా కొంచెం వెలుతురుంది. మోటారు చచ్చిపోయింది. పడవ అంచుల దాకా నీళ్ళు. వాడు నీళ్ళు తోడటం లేదు. మునిగే పడవలో, నడుము లోతు నీటిలో, ఇంటి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. నవ్వు ముఖం. తాడు కొస పడవ ముందు నుంచి నీళ్ళలోకి దిగి ఉంది. నేను లాగాను, రాలేదు. సాలే కూడా పట్టాడు. ఇద్దరం లాగాం. అవతల ఎవరో పట్టుకున్నట్టే బిగిసి ఉంది. అక్కడ అడుగు తగలనంత లోతు, నీకు తెలుసు. తర్వాత ఒక్కసారిగా వదులైంది. పైకి లాగితే కొసన ఏమీ లేదు.

లీనోని మా పడవలోకి ఎక్కించుకుంటుంటే వాడికి కోపం వచ్చింది. "ఎక్కడికి తీసుకుపోతున్నారు? నేను రేవుకు వచ్చేశాను కదా! కసియానో పెదనాన్న తాడందుకున్నాడు. మెట్టు మీద కాలు పెడుతుంటే మళ్ళీ సముద్రంలోకి లాక్కొచ్చారేమిటి?" అన్నాడు.

సాలే చొక్కా విప్పి వాడికి కప్పాడు.

వాడు బాగానే ఉన్నాడు. తింటున్నాడు. కానీ ఇల్లు చూసి, ఇది మా ఇల్లేనా అని రెండుసార్లు అడిగాడట.

సులియా, నలభై రెండో ఫోన్ ఎవరిది?

పెతేలో

* * *

పోరిరువా
సెప్టెంబరు 1

బాబాయ్,

నాన్నది.

నేనే నమోదు చేశాను. నువ్వు వద్దన్నావు, తేలే పడవలనే రాయమన్నావు. పడవను రాయలేదు. తాడు అందుకునేవాళ్ళ జాబితాలో మాత్రం ఆయన నంబరు చేర్చాను. రాని మనిషి పేరు చెరపకూడదు అన్నది మన పద్ధతే కదా. బోర్డు విరిగితే ఆ పేరు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అనుకున్నాను. ఆ ఫోన్ ఆయన మెడలో సంచిలో వేసుకుని వెళ్ళాడు. మోగదు, తెరుచుకోదు, ఎవరికీ హాని లేదు. ఉత్త పేరు, అంతే అనుకున్నాను.

మొదటి వారంలోనే అది నొక్కడం మొదలుపెట్టింది.

అన్నీ వెతికాను. ఏ టవర్ నుంచి వస్తోందన్న ఆనవాలు లేదు. సర్వర్లు మూడూ దాన్ని తీసుకుంటాయి. ఎందుకంటే ఎంత ఆలస్యంగా, ఎక్కడి నుంచి వచ్చినా తీసుకోవాలి అని నేనే కట్టాను. ప్రతి నొక్కుతోపాటు ఆ ఫోన్ గడియారంలోని సమయం కూడా వస్తుంది. ఇన్ని నెలల్లో అది ఒక్కసారి కూడా మారలేదు. నాన్న వెళ్ళిన రోజే. సాయంత్రం ఆరు గంటల నాలుగు నిమిషాలు.

నేనెవరికీ చెప్పలేదు. సిగ్గుగా ఉంది, అయినా నిజం రాస్తాను. రోజూ ఆఫీసు నుంచి పరిగెత్తుకుని వచ్చి ఆ నొక్కు కోసం ఎదురుచూశాను. అది పడగానే, ఇవాళ కూడా నాన్న రేవులో నిలబడి ఉన్నాడు అనుకునేదాన్ని. తర్వాత నిద్ర పట్టేది. రెండేళ్ళలో మొదటిసారి.

లీనో సంగతి చదివాను. కానీ బాబాయ్, ఆయన చెడు తలపెట్టలేదు. మునుగుతున్నవాడి తాడు అందుకున్నాడు. ఆయన ఉన్నచోటి నుంచి ఆయనకు చేతనైనది అంతే. "వచ్చాడు" అన్నది ఆయన నొక్కితే వేరే రంగులో చూపించేలా మారుస్తాను. ఆ నొక్కు పడితే ఊళ్ళో నమ్మవద్దని చెప్పు. మొత్తం ఆపెయ్యమని మాత్రం అడగకు. ఆపితే ఆయన ఎవరికి నొక్కుతాడు?

సులియా

* * *

మోతులీకి
సెప్టెంబరు 16. మబ్బు. నూనె మార్చి జనరేటర్ నడిపి చూశాను.

సులియాకు,

ఆపెయ్.

రంగు మారిస్తే చాలదు. నిన్న లీనో మళ్ళీ సముద్రంలోకి వెళ్ళబోయాడు. మోటారు లేని పడవలో, తెడ్డు కూడా లేకుండా. ఎక్కడికిరా అంటే, "రేవుకే" అన్నాడు. రేవులోనే నిలబడి ఆ మాట అన్నాడు. మలియా వాడి నడుముకు తన లుంగీ కొంగు ముడేసుకుని తిరుగుతోంది. "మీ అన్నకు చెప్పు పెతేలో, నా పిల్లాడి తాడు నేనే అందుకుంటాను, ఆయనకు శ్రమ వద్దని" అంది. ఏడవలేదు. చాలా మర్యాదగా అంది.

నువ్వు రెండేళ్ళుగా అడుగుతున్నదానికి జవాబు ఇదిగో. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రం రేవులో తాడు అందుకోవలసినవాణ్ణి నేను. వాన ముంచుకొస్తోంది. ఆకుపచ్చ పడవ గండి బయట కనిపించింది, మీ నాన్నదే. చేయి ఊపాడు. వచ్చేశాడు కదా అనుకున్నాను. ఆగితే తడిసిపోతానని, ముందే పేరు చెరిపి ఇంటికి వెళ్ళిపోయాను. ఇంటికి వెళ్ళి పుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు నా ముందుంది. "6.04. కసియానో వచ్చాడు."

గండి దగ్గర అల ఏం చేసిందో నాకు తెలియదు. బోర్డు ఖాళీగా ఉంది కనుక ఎవరూ వెతకడానికి వెళ్ళలేదు. వానకు ఎవరింట్లోనో ఆగిపోయాడని మీ అమ్మ అనుకుంది. మర్నాడు పొద్దున మీ అమ్మ అడగడానికి వచ్చేసరికి నేను పరుగెత్తి, ఎవరూ చూడకముందే ఆ పేరు మళ్ళీ రాశాను. అందరూ అది రాత్రంతా అక్కడే ఉందని, చీకట్లో ఎవరూ గమనించలేదని అనుకున్నారు. ఇన్నాళ్ళూ అలాగే అనుకోనిచ్చాను.

ఆ ఫోన్ చేస్తున్నది నేను చేసిందే. రాని మనిషిని వచ్చాడు అని రాయడం. ఆ నిమిషమే మళ్ళీ మళ్ళీ.

రేవు గదిలో పాత లాప్‌టాప్ ఒకటి పెట్టాను. ఒకే ఫైలు, ఒకే పేజీ. ఫోన్లు లేవు, సర్వర్లు లేవు. ఇంకెక్కడి నుంచీ ఎవరూ రాయలేరు. రాయాలంటే మనిషి ఆ గదిలోకి రావాలి, ఆ మీటలు నొక్కాలి. నలభై ఒక్క వరుసలు. నలభై రెండోది రాయబోతే ఒప్పుకోదు. ఉప్పుగాలికి పాడైతే ఇంకో పాతది పెడతాను. మూడు రోజులు పట్టింది కట్టడానికి. మన ఊరికి సరిపోయేది ఇంతే. మొదటే గట్టిగా చెప్పవలసింది. చెప్పే హక్కు లేదనుకుని ఊరుకున్నాను.

నీది నువ్వు ఆపితేనే ఆగుతుంది.

పెతేలో

* * *

పోరిరువా
అక్టోబరు 8

పెతేలో బాబాయ్‌కి,

మీ ఉత్తరం అందింది.

నిన్న సాయంత్రం మూడు సర్వర్లూ ఆపేశాను. ఐదున్నర నుంచి పేజీ ముందు కూర్చున్నాను. నలభై మందికి ఊళ్ళోవాళ్ళే నొక్కారు. చివరిగా ఒక్క పడవ మిగిలింది. దానికి ఆయన నొక్కాడు. ఒక నిమిషం ఆగి ఆపేశాను.

మీరు చేసినదాని గురించి నాకు ఏం రాయాలో తెలియదు. ఎప్పటికైనా తెలుస్తుందేమో. ఇప్పుడు తెలియదు. అమ్మకు నేనే చెప్తాను, మీరు చెప్పవద్దు.

రోజూ మీ ఫైలు నాకు ఒక నకలు పంపండి. అందరూ వచ్చారని చూసుకుంటే చాలు.

సులియా

* * *

మోతులీకి
నవంబరు 17, సోమవారం. గాలి లేదు, సముద్రం పళ్ళెంలా ఉంది. పొద్దున రేవు గది కిటికీకి అద్దం బిగించాను.

సులియాకు,

నువ్వు అడిగినట్టే నకలు రోజూ వస్తోందనుకుంటాను. సాయంత్రం ఆరున్నరకు ఈ యంత్రం ఆ రోజు ఫైలును, దానితోపాటు నేను ఇందులో రాస్తున్న ఉత్తరాన్ని తనంతట తానే నీకు పంపేలా పెట్టాను. పూర్తయినా కాకపోయినా వెళ్తుంది. చేత్తో పంపమంటే నేను వాయిదా వేస్తానని నాకు తెలుసు.

"మీరు" అని రాశావు. అలాగే ఉండనీ. క్షమించమని నేను అడగలేదు, అడగను.

లీనో కుదుటపడ్డాడు. మోటారు బాగు చేసుకున్నాడు. నిన్న సభలో సాలే వెయ్యబోయిన జోకు వాడే ముందు వేశాడు. వీడికి పెళ్ళి చేసేస్తే సగం తగ్గుతుందని మలియా పక్క దీవికి కబురు పంపింది.

ఈ రోజు పడవలన్నీ ఆరు గంటల పది నిమిషాలకు వచ్చేశాయి. నలభై ఒక్క తాళ్ళు. తొమ్మిది నేనే అందుకున్నాను. అన్నీ రాశాను. అందరూ ఇళ్ళకు వెళ్ళారు. చర్చి గంట కూడా కొట్టేశారు.

ఆరూ పదిహేడు. గండిలో ఒక పడవ ఉంది.

ఫైలు మళ్ళీ చూశాను. నలభై ఒకటి. బయటికి వెళ్ళి ఒడ్డున పడవలు కూడా లెక్కపెట్టి వచ్చాను. నలభై ఒకటి.

మోటారు శబ్దం లేదు. గాలి లేదు, తెరచాప లేదు, అయినా వస్తోంది. గట్టు లోపలి మడుగులోకి వచ్చింది. ఆకుపచ్చది.

నిలబడి ఉన్నాడు. చేయి ఊపుతున్నాడు, అప్పటిలాగే.

సులియా, నిన్ను భయపెట్టడానికి ఇది రాయడం లేదు. కంటితో చూస్తున్నది రాస్తున్నాను, నాకు వచ్చిన పని ఇదొక్కటే. లీనో తాడు ఎటు బిగిసిందో నాకు గుర్తుంది. ఆ చివర నిలబడితే ఎవరు ఎవరిని లాగుతారో తెలియదు. తలుపు వేసుకుని కూర్చోవచ్చు. ఈ ఫైల్లో అతనికి వరుస లేదు, లేకుండా నేనే కట్టాను. వరుస లేదు కనుక రాలేదు అనవచ్చు.

కానీ తాడు అందుకునేవాడు ఇప్పుడు ఈ రేవులో నేనొక్కణ్ణే.

ఒక వరుస పెంచాను. నిమిషం పని. పేరు రాశాను. ఎదురుగా "వచ్చాడు" అన్నచోట ఖాళీ ఉంచాను. అందుకున్నాక రాయాలి, ముందు కాదు.

పిలుస్తున్నాడు. "ఒరేయ్ పెతేలో, ఎంతసేపురా" అంటున్నాడు. విసుగ్గా, ఆకలి మీద ఉన్నప్పటి గొంతు. దిమ్మ దగ్గరికి వచ్చేశాడు.

ఆరూ ఇరవై ఎనిమిది. వెళ్తున్నాను. వచ్చి రాస్తాను. ఈ రోజు ఇంకా చేయవలసినవి: గది కిటికీ మూయడం, లాప్‌టాప్ మీద గుడ్డ కప్పడం, సాయంత్రపు నీరా